జలంత్రకోట నాటకము, జపాను పల్లె పాఠము

ఉద్దానపు కొబ్బరితోటల నడుమ కూర్చుండి జపాను దేశపు నాటకమును గూర్చి మాటలాడుట వలన ఏమి ప్రయోజనమని శ్రోతలలో కొందరికి తోచవచ్చును. పలాస, టెక్కలి, కంచిలి, సోంపేట ప్రాంతముల వారికి జీడిపప్పు ధర కావలెను, సముద్రముమీది వాయుగుండము సంగతి కావలెను. నాటకమే కావలెనన్నచో మనకు తూర్పు భాగవతము లేదా? తప్పెటగుళ్ళు లేవా? జముకుల కథ లేదా? వీనినన్నిటిని విడిచి, నోహ్ అను క్రొత్త పేరుగల నాటకమును తెలిసికొనుటకై ఊరిలో ఒక సమాజము పెట్టుకొనవలెనా? ఇది న్యాయమైన ప్రశ్న. దీనికి సమాధానము మాకు జపానులో కాక జలంత్రకోట కథలో దొరకినది. కనుక అక్కడినుండియే మొదలుపెట్టెదము.

జలంత్రకోట శ్రీకాకుళము జిల్లాలో కంచిలికి చేరువనున్న గ్రామము. దారిని పోవువారికి అది మరియొక పల్లెవలెనే కనబడును. కాని ఒకప్పుడది గంజాము సీమలోని ఒక చిన్న జమీనునకు ముఖ్యస్థలము. 19వ శతాబ్దమున ఆ జమీనునకు ప్రభువైన రామకృష్ణ ఛోటరాయల పేర ఒరియా భాషలో ‘ప్రహ్లాద నాటకము’ వెలసెను. దానిని నిజముగా రచించినవాడు ఆయన ఆశ్రయమున నున్న గోపీనాథ పరిఛా అను కవియనియు, ఆనాటి వాడుకను బట్టి కృతికి ప్రభువు పేరు పెట్టెననియు పండితులు చెప్పుదురు. చుట్టుపట్ల నున్న ఇతర జమీనులలోను ఇదే కథతో నాటకములు పుట్టినవి. వానిలో జలంత్రవారి నాటకము కోట దాటి ఊరూర ప్రాకినది.

అయితే ఏ ఊళ్ళలో? 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రముగా ఏర్పడినప్పుడు గంజాము జిల్లా రెండుగా చీలెను. జలంత్రకోట ఈవలివైపున, మదరాసు రాష్ట్రములో నిలిచెను. ప్రహ్లాద నాటకమాడు పల్లెలు మాత్రము చాలవరకు ఆవలివైపున నుండిపోయినవి. పుట్టినిల్లు ఆంధ్రములోను, మెట్టినిల్లు ఒడిశాలోను అయినది. నేడు గంజాము జిల్లాలో దానిని నేర్పు గురువులున్నారు, నేర్చు బృందములున్నవి. అమెరికా పండితుడు జాన్ ఎమీ వేషధారణ నాటకములమీద 1996లో వెలువరించిన గ్రంథమున దీనికొక అధ్యాయమే కేటాయించెను. మన ఉద్దానములో మాత్రము దాని పేరెరిగినవారు అరుదు.

ఈ మాట మేము ఒకరిని నిందించుటకు చెప్పుట లేదు. మేమును అట్టివారమే. కొన్ని ఏండ్ల క్రిందట ధ్వనిముద్రణ పనిమీద మేము సరిహద్దు దాటి గంజాము జిల్లాలోని ఒక పల్లెకు పోతిమి. రాత్రి భోజనములైన పిమ్మట ఆట మొదలైనది. ఆరుబయట ఒక చివర మెట్లు మెట్లుగా కట్టిన ఎత్తైన వేదిక, దాని శిఖరమున హిరణ్యకశిపుని సింహాసనము. క్రింద నేలమీద ఆటస్థలము, దాని మూడు ప్రక్కల జనము. ‘గాహక’ అని పిలువబడు ప్రధాన గాయకుడు మర్దలము, తాళములు, ముఖవీణ తోడుగా కథను నడపును. పాత్రధారులు అతని పాటనందుకొని అభినయింతురు. హిరణ్యకశిపుడు బరువైన కిరీటముతో ఆ మెట్లమీదుగా దుముకుచు దిగుట, గర్జించుచు ఎక్కుట చూచినవారికి కలలోను మరువురాదు. తెల్లవారుజామున స్తంభము చీలి నరసింహస్వామి వెలువడినప్పుడు, ముఖమునకు పూజచేసిన ఆ ముసుగు ధరించిన మనిషిని నలుగురు గట్టిగా పట్టుకొనవలసి వచ్చెను. ఆవేశము అట్టిది.

ఆట ముగిసినది. యంత్రములు సర్దుకొనుచుండగా గాహకుడు, డెబ్బదియేండ్ల పెద్ద, మా కడకు వచ్చి తెలుగులోనే అడిగెను: “ఏ ఊరు బాబూ మీది?” కంచిలి వైపని చెప్పితిమి. ఆయన చేతులు జోడించి, “అయితే జలంత్రవారే గదా. మా పుస్తకము మీ ఊరినుండి వచ్చినదే బాబూ” అనెను. ఆ నమస్కారమునకు మేము తగమని మాకు తెలియును. ఏలయన ఆ రాత్రికి ముందు మేమా నాటకమును ఒక్కసారియు చూచియుండలేదు. మా ఊరి సొమ్ము పొరుగువారి ఇంట భద్రముగా నుండగా, దానిని చూచుటకు మేము అతిథులమై పోయితిమి.

ఒక నాటకము పుట్టినచోట మాయమై, వేరొకచోట బ్రతుకుటకు కారణమేమి? రాజుల ఆదరము పోవుట వలన కళలు క్షీణించినవని మనము తరచు అందుము. 1948లో మదరాసు శాసనసభ ఎస్టేట్ల రద్దు చట్టము చేసినది, జమీన్లు పోయినవి, ఇది నిజమే. కాని జమీన్లు ఆవలివైపునను పోయినవి గదా! అయినను అక్కడ నాటకము నిలిచినది. కోటలో నున్న పుస్తకము కోటతో పోవును. పల్లెలో పదిమంది కంఠములలో నున్న పుస్తకము పోదు. ఇంతకన్న రహస్యము లేదనుకొనుచున్నాము. ఈ రహస్యమును మిక్కిలి స్పష్టముగా చూపునది జపాను నోహ్ నాటక చరిత్రము. కనుక ఇప్పుడు ఆ వైపునకు పోదము.

నోహ్ ఆరువందల ఏండ్లు దాటిన నాటకము. 14వ శతాబ్దపు చివర కనామి అను నటుడు, ఆయన కుమారుడు జెయామి ఊరూర తిరుగు ఆటలనుండి దీనిని తీర్చి దిద్దిరి. షోగన్ అనబడు సేనాధిపతి యోషిమిత్సు వారిని ఆదరించెను. జెయామి తన కులవిద్యను గూర్చి శాస్త్రగ్రంథములు వ్రాసెను. ఏడవయేటినుండి ఏబది దాటువరకు, ఏ వయసున నటుడు ఏమి నేర్వవలెనో, ఏమి విడువవలెనో అందులో వివరించెను. మన భరతముని శాస్త్రమున్న దేశమువారికి ఇట్టి గ్రంథము విలువ చెప్పనక్కరలేదు.

నోహ్ రంగస్థలము సుమారు ఆరు గజముల చదరము. దేవదారు జాతి చెక్కతో చేసిన నున్నని నేల. వెనుక గోడమీద ఒకే ఒక చిత్రము, ముదుసలి సరళవృక్షము. కథ ఏదైనను ఆ చెట్టు మారదు. ఎడమవైపున పొడవైన వంతెనవంటి దారి. దాని చివర వేలాడు తెరను ఇద్దరు వెదురుకర్రలతో లోపలినుండి పైకెత్తగా పాత్ర ప్రవేశించును. ఇద్దరు మనుష్యులు తెర పట్టుకొని నిలువగా, సత్యభామ జడను తెరమీదుగా ఇవతలికి వేయు మన భామాకలాపమును చూచినవారికి ఈ తెర వింతగా తోచదు. పాత్ర నాలుగడుగులు వేసినచో ఒక దేశము దాటినట్లు. మన వీథిభాగవతమునందును ఆటస్థలమును ఒకమారు చుట్టివచ్చిన పాత్ర వేరొక ఊరు చేరును గదా! ఒక వేణువు, రెండు లేక మూడు మృదంగజాతి వాద్యములు, ఎనమండ్రుగురు కూర్చుండి పాడు వంతపాట. అంతియే సంభారము.

ముసుగును గూర్చి ఒక్కమాట. ప్రధాన నటుడు రంగమునకు వచ్చుటకు ముందు అద్దపు గదిలో కూర్చుండి, చేతులలో ముసుగు పట్టుకొని దానికి వందనము చేసి, పిమ్మట ధరించును. చెక్కతో చెక్కిన ఆ ముఖము కదలదు. కాని తల కొంచెము వంచినచో ఆ ముఖమున నీడ పడి దుఃఖము కనిపించును. కొంచెమెత్తినచో వెలుగు పడి సంతోషము కనిపించును. గంజాము పల్లెలో నరసింహస్వామి ముసుగునకు ధూపమిచ్చిన చేయియు, అద్దము ముందర తలవంచిన ఆ నటుడును ఒకే భాష మాటలాడుచున్నారని మాకు తోచెను. యునెస్కోవారు 2001లో మానవజాతి వారసత్వ కళలను మొదటిసారి ప్రకటించినప్పుడు నోహ్ సంప్రదాయమును, కేరళ కూడియాట్టమును ఒకే జాబితాలో చేర్చిరి.

ఇట్టి నోహ్ ఒక దశలో అంతరింపబోయెనని ఎందరికి తెలియును? 1868లో షోగన్ల ప్రభుత్వము కూలెను. జీతములు, మాన్యములు పోయినవి. నటులు వేరు వృత్తులు వెదకుకొనిరి. దుస్తులు, ముసుగులు అమ్ముడుపోయినవి. టోక్యోలో ఉమెవాక మినోరు వంటి కొలదిమంది నటులు ఇంటనే ఆటలాడుచు విద్యను నిలుపుకొనిరి. 1881లో ఇవాకుర తొమొమి ప్రభృతులు నోహ్ సమాజమొకటి స్థాపించి, షిబాలో రంగస్థలము కట్టించిరి. అంతటితో ప్రాణము నిలిచినది. అయినను అన్ని ఏండ్లును దానిని పోషించినది గొప్పవారి చందాలు మాత్రమే కాదు. నోహ్ పాటను ‘ఉతాయి’ అందురు. వర్తకులు, ఉద్యోగులు, గృహిణులు, వేషము కట్టనక్కరలేనివారు, గురువునొద్ద ఆ పాట నేర్చుకొందురు. చిన్నచిన్న నృత్యభాగములు నేర్చుకొందురు. నెలకొకసారి కలిసికొందురు. ఏటికొకసారి తమలో తాము ప్రదర్శించుకొందురు. గురువునకు వారిచ్చు దక్షిణ జీవనాధారము. గురువు వేషము కట్టిననాడు రంగశాల నిండునది వారితోనే. వారు పాటల పుస్తకము ఒడిలో పెట్టుకొని వినుటయు కలదు. నటుడొక మాట తప్పినచో పట్టగలరు. ఒక మాట పలికిన తీరుకు తల ఊపగలరు.

శ్రోతలు ఇక్కడ ఒక్కక్షణమాగి ఆలోచింతురుగాక. ఆ దేశమున నాటకమునకు ప్రేక్షకులు కేవలము చూచువారు కారు, కొంతైనను నేర్చినవారు. నేర్చినవాడే నిజముగా చూడగలడు, చూడగలవాడే ఆదరింపగలడు. రాజుపోయిన చోటును నింపినది ఈ నేర్చుకొను జనము.

ఇది పట్టణముల సంగతి. పల్లెల సంగతి ఇంకను మనకు దగ్గరిది. జపాను ఉత్తరభాగమున, యమగత రాష్ట్రములో, కురొకావ యను వ్యవసాయ గ్రామము కలదు. నేడది త్సురుఒక నగరపాలనలో చేరియున్నది. అక్కడ సుమారు ఐదువందల ఏండ్లుగా రైతులే నోహ్ ఆడుచున్నారు. వారు వృత్తినటుల శాఖలలో దేనికిని చెందినవారు కారు. కసుగ దేవాలయమునకు చెందిన కుటుంబములు రెండు పక్షములుగా, పైబృందము, క్రిందిబృందము అని ఏర్పడినవి. ఫిబ్రవరి 1వ తేదీ రాత్రి, బయట మంచు కప్పియుండగా, ఆ ఏడు దేవునికి ఆతిథ్యమిచ్చు వంతు వచ్చిన గృహస్థుల ఇండ్లలో కొవ్వొత్తుల వెలుతురున తెల్లవార్లు ఆటలాడుదురు. మొదట ఒక చిన్న పిల్లవాడు వచ్చి భూమిని పాదములతో తట్టుచు శుభవచనములు పలుకును. మరునాడు దేవాలయమున మరల ఆట. తాతయు మనుమడును ఒకే రంగమున కూర్చుందురు. జపాను ప్రభుత్వము 1976లో దీనిని ముఖ్యమైన జానపద సంపదగా ప్రకటించెను. ఆ ప్రకటనకు నాలుగువందల ఏండ్ల ముందునుండియే ఆట జరుగుచున్నదని మరువరాదు.

అది జపాను, వారికి సాగును. మనకు సాగదనువారికి మేము మేలట్టూరు చూపుదుము. తమిళనాట తంజావూరునకు సమీపమున నున్న ఈ గ్రామములో నాయకరాజుల కాలమున తెలుగు కుటుంబములు స్థిరపడినవి. త్యాగరాజస్వామివారి కాలమున నున్న మేలట్టూరు వెంకటరామశాస్త్రిగారు అక్కడ తెలుగున భాగవతమేళ నాటకములు రచించిరి. వానిలో ముఖ్యమైనది ‘ప్రహ్లాద చరిత్రము’. నేటికిని ప్రతి వైశాఖమున, నృసింహజయంతికి, ఆ నాటకమాడుదురు. ఆడువారు వృత్తినటులు కారు. దూరపు నగరములలో ఉద్యోగములు చేసికొను ఆ ఊరి కుటుంబములవారు సెలవుపెట్టి ఇంటికి వత్తురు, తండ్రి కట్టిన వేషమును తాము కట్టుదురు. నరసింహుని వేషము వేయువారు ఉపవాసముండి ముసుగును పూజించి ధరింతురు. చుట్టును తమిళము మాటలాడు ఊరిలో తెలుగు నాటకము నిలిచిన తీరది. జలంత్రలో పుట్టిన ప్రహ్లాదుడు ఒరియా పల్లెలో నిలిచెను. తెలుగు ప్రహ్లాదుడు తమిళ పల్లెలో నిలిచెను. తెలుగువారి మొదటి మాటలాడు చిత్రము కూడ, 1932లో వచ్చినది, ‘భక్త ప్రహ్లాద’యే. ఇంత ప్రీతిగల కథకు పుట్టినింట ఒక్క రాత్రి జాగరణ లేకుండుట మనకు లోటు కాదా?

కావున ఉద్దానములోని పాఠశాలల ఉపాధ్యాయులు, గ్రంథాలయములకు పోవు యువకులు, పండుగకు ఇంటికి వచ్చు వలస సోదరులు ఒక చిన్న నాటక అధ్యయన సమాజమును ఏల పెట్టుకొనరాదు? దీనికి భవనము అక్కరలేదు. పదిమంది చాలుదురు, రామమందిరపు అరుగు చాలును. మొదటి కొన్ని నెలలు దూరపు నాటకమును తెలిసికొనుడు. నోహ్ ప్రదర్శనల చిత్రములు, పాటలు ఈనాడు ఇంటనే చూడవచ్చును, వినవచ్చును. దూరపుదానిని చూచునప్పుడు మనకు పక్షపాతముండదు. ఏది తెర, ఏది వంతపాట, ముసుగునకు ఆ గౌరవమేల, నెమ్మది నడకలో నిండియున్నదేమి అని అడుగుట నేర్తుము. అట్లు ప్రశ్నించుట నేర్చిన కన్నులతో పిమ్మట మన తూర్పు భాగవతమును చూచినచో, చిన్ననాట చూచిన ఆటయే క్రొత్తగా కనబడును. అద్దములో తన ముఖము చూచుకొనుటకు కొంత దూరము కావలెను గదా.

అటుపిమ్మట సరిహద్దు దాటుడు. ఇచ్ఛాపురమునుండి గంజాము పల్లెలకు పోవుట గొప్ప ప్రయాణమేమియు కాదు. సోంపేట, కంచిలి, ఇచ్ఛాపురము వైపు ఇండ్లలో తెలుగుతోపాటు ఒరియా తెలిసినవారు ఎందరో యున్నారు. భాష అడ్డమగునను భయము వారికి లేదు. ఒక గాహకుని నాలుగు రాత్రులు పిలిపించి, తగిన సంభావన ఇచ్చి, ఒక్క పాట నేర్చుకొనుడు. నాటకమంతయు అక్కరలేదు. ఒక్క పాట, తాళముతో, తప్పులేకుండ. సమాజములో చేరినవారెవరును కేవలము వినువారుగా నుండరాదని నియమము పెట్టుకొనుడు. పాట రానివారు తాళము వేయుదురుగాక. తాళము రానివారు పెద్దల కంఠమును ధ్వనిముద్రణ చేసి, మాటలను శుద్ధప్రతిగా వ్రాయుదురుగాక. పోతన భాగవతములో సప్తమస్కంధము ఇంటింట ఉన్నదే; దానితో పోల్చి చదువవచ్చును.

ఒక హెచ్చరిక చేయవలసియున్నది. బహుమతులకై, ప్రశంసాపత్రములకై పెట్టు సమాజములు ఆ పత్రములు గోడకెక్కిన మరునాడే మూతబడును. కురొకావ రైతునకు ఆట దేవునికిచ్చు వంతు. మేలట్టూరు కుటుంబమునకు తండ్రికిచ్చిన మాట. మన సమాజమునకును అట్టి తిథి యొకటి కావలెను. నృసింహజయంతి వేసవిలో వచ్చును. బొంబాయినుండి, గుజరాతునుండి, అరబ్బు దేశములనుండి మనవారు ఊరి పండుగలకు వచ్చు కాలమది. ఆ రాత్రి పది దీపములు వెలిగించి, నేర్చిన ఒక్క పాటను పాడినను చాలును. మరుసటి ఏడు రెండు పాటలగును.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాసకు చేరువనే తీరము దాటి ఈ తోటలను నేల కూల్చినప్పుడు మనవారు ఏమి చేసిరి? పడిన కొబ్బరిచెట్లను తొలగించి అదేచోట మొక్కలు నాటిరి. కొబ్బరిమొక్క కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. నాటినవాడు తినునో లేదో తెలియదు. అయినను నాటుట మానలేదు. ఉద్దానమువారికి ఓర్పును గూర్చి ఎవరును నేర్పనక్కరలేదు. ఆ ఓర్పులో కొంత భాగమును ఒక పాటకు ఇండని మాత్రమే మా మనవి.

ఆ గాహకుడు మాకు చేసిన నమస్కారము ఇంకను మా కన్నుల ముందర మెదలుచున్నది. అది మాకు చేసినది కాదు, జలంత్రకోటకు చేసినది. దానికి ప్రతినమస్కారము చేయవలసిన బాధ్యత ఈ సీమవారిదై యున్నది. ఎన్నడో ఒక వైశాఖమున ఆ పెద్ద, లేక ఆయన శిష్యుడు, కంచిలి బండి దిగి మన అరుగుమీద కూర్చుండి, మన పిల్లలు పాడు పాట విని, ఎక్కడ తాళము తప్పినదో చెప్పుచుండగా ఆ ప్రతినమస్కారము జరిగినట్లగును.